రెండు వేసవుల కట్టెలు

"ఏయ్ ముసలమ్మా! పట్టపగలే ఇల్లు దోచేస్తున్నావా?"

యమ్నా నీళ్ల డబ్బా కింద పడేసి పరుగెత్తింది.

ఇంటి వెనక ఓ గాడిద. దాని వీపు మీద అప్పటికే సగం బరువు కట్టెలు. పక్కన నల్ల కంబళి కప్పుకున్న ముసలామె ఇంకో దుంగ ఎత్తబోతోంది.

ఆమె కంగారు పడలేదు.

"పచ్చి ఓక్ కట్టెలు తల్లీ ఇవి. ఇవేం మండుతాయి?"

"మండితే మండుతాయి, లేకపోతే లేదు. నా మొగుడు కొట్టినవి. దించు ముందు!"

ఒక్కొక్కటే దించింది. ఎడమ చేతికి బొటనవేలు లేదు. అయినా ఒక్క దుంగా జారలేదు.

దించాక వెళ్లిపోలేదు. కట్టెల పేర్పు చుట్టూ ఓసారి తిరిగింది.

"ఎవరు పేర్చారిలా?"

"నేనే. ఏం?"

"కటిక నేల మీద, గోడకి అంటించి, పైనుంచి కిందిదాకా పట్టా కప్పి... పాపం, వీటికి ఊపిరెలా ఆడుతుందే? ఏ ఊరి పిల్లవి నువ్వు?"

"మెక్నెస్."

"అదీ సంగతి. పట్నంలో గ్యాసు మీట తిప్పితే చలికాలం గడిచిపోతుంది."

యమ్నాకి కోపం పోయి నవ్వొచ్చింది.

ఆ మధ్యాహ్నం ఇద్దరూ కలిసి పేర్పంతా విప్పారు. కింద అడ్డకొయ్యలు వేసి, గోడకి జానెడు ఎడంగా మళ్లీ పేర్చారు. పట్టా నెత్తిన మాత్రం కప్పి, పక్కలు గాలికి వదిలేశారు.

"దేవదారు తొందరగా ఎండుతుంది, తొందరగా కాలిపోతుంది. ఓక్ అలా కాదు, మొండిఘటం. దానికి రెండు వేసవులు కావాలి. తొందరపెట్టావో, పొగపెట్టి పగ తీర్చుకుంటుంది."

యమ్నా పుదీనా టీ కాచింది.

"లోపలికి రామ్మా."

"ఇక్కడే బాగుంది."

గడప బయటే కూర్చుని తాగింది. తాగుతూ యమ్నా కడుపు వైపు చూసింది.

"ఎప్పుడు?"

"మంచు పడే రోజుల్లో అంటున్నారు."

"మీ ఆయన?"

"గొర్రెలతో పై కొండల్లో ఉన్నాడు. చలి మొదలయ్యాకే దిగుతాడు."

ముసలామె ఖాళీ గ్లాసు కింద పెట్టి ఆ పచ్చి కట్టెల వైపు చూసింది. పేరడిగితే, "ముసలిదాని పేరుతో ఏం పనిలే," అంది.

ఆ తర్వాత తరచు వచ్చేది. పేర్పు సవరించేది. ఆలివ్ నూనెలో రొట్టె ముంచుకు తినేది. "వంగకు, కూర్చుని పుల్లలు ఏరు," అని కసిరేది. తల్లి లేని యమ్నాకి ఆ కసురు బాగుండేది.

వేసవి చివర్లో వాగు అవతలి ఫద్మా వచ్చింది.

"పిచ్చిదానా! నువ్వు నీళ్లకెళ్లిన సమయం చూసి ఎవతో ముసలిది మీ ఇంటి వెనకనుంచి గాడిదను తోలుకుపోతోంది. దూరం కదా, మొహం ఆనలేదు. గాడిద మీద మాత్రం నిండా కట్టెలే!"

యమ్నా వెళ్లి చూసింది. పేర్పు తగ్గినట్టు లేదు. అయినా కోపానికి కళ్లుండవు కదా.

మళ్లీ ముసలామె రాగానే ఎదురెళ్లింది.

"అమ్మా అని పిలిచి అన్నం పెట్టాను. తిన్నింటి వాసాలు లెక్కపెడతావా? ఇంకోసారి ఈ ఛాయలకి రాకు!"

ముసలామె ఏదో చెప్పబోయింది. యమ్నా కడుపు వైపు చూసి మానుకుంది.

"ఈ రోజుల్లో అంత ఆవేశం మంచిది కాదు తల్లీ. మంచు రాకముందే పొగగొట్టం దులిపించుకో."

గాడిదను మళ్లించుకుని వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు.

యమ్నా భర్త మీమూన్ మందతో దిగివచ్చాడు. వెనకే మంచు పడి దారులన్నీ మూసుకుపోయాయి. ఆ మంచులోనే యమ్నాకి నొప్పులొచ్చాయి. మోకాలిలోతు మంచు తొక్కుకుంటూ ఫద్మా వచ్చి పురుడు పోసింది. ఇనప పొయ్యి గదినంతా వెచ్చగా కాచింది. కన్ను మండే పొగ కాస్తయినా లేదు.

ఆడపిల్ల.

పొద్దున్నే పొయ్యిలో కట్టె వేయబోయి మీమూన్ ఆగాడు. రెండు కట్టెలు తీసి ఒకదానితో ఒకటి కొట్టాడు. ఖంగుమన్నాయి.

"ఇవి నేను కొట్టినవి కావు."

"నువ్వు కొట్టినవేగా. నా చేత్తో పేర్చాను."

"నేను కొట్టినవి పచ్చివి యమ్నా. ఇవి రెండు వేసవులు ఎండినవి. ఎవరిచ్చారు?"

యమ్నా జరిగిందంతా చెప్పింది. బొటనవేలు లేని చెయ్యి అనగానే, "ఎడమ చెయ్యేనా?" అన్నాడతను.

ముసలామె తన ఎండు కట్టెలు ఇచ్చి పచ్చివి పట్టుకెళ్లిందన్నమాట. యమ్నాకి ఏడుపు ఆగలేదు.

"ఆమె నీకు తెలుసా? ఎలాగైనా తీసుకురా. పిల్లని ఒళ్లో పెట్టి కాళ్లు పట్టుకుంటాను."

దారి తెరుచుకోగానే మీమూన్ తేనె, వెన్న మూటకట్టుకుని వెళ్లాడు. సాయంత్రానికి ఆ మూటతోనే తిరిగొచ్చాడు.

"మంచు రోజుల్లోనే పోయిందట. పొగకి దగ్గు ముదిరి..."

"పొగకా?"

"వసారా నిండా మన పచ్చి కట్టెలే. నా గొడ్డలి గాట్లు నాకు తెలీవా?"

యమ్నా పిల్లని గుండెకి అదుముకుంది.

"ఎవరయ్యా ఆమె? మనకోసం ఎందుకిలా చేసింది?"

మీమూన్ మూట విప్పకుండానే గోడవార పెట్టాడు.

"ఇట్టో వాళ్లమ్మ," అన్నాడు.

యమ్నా కంటే ముందు ఆ ఇంటికి కోడలిగా వచ్చి, ఒక చలికాలం పచ్చి కట్టెల పొగలో ఆయాసపడి, కడుపులో బిడ్డతో సహా కన్నుమూసిన అతని మొదటి భార్య పేరది.