దేవమ్మ వాళ్ళ డాక్టరు

ఆదివారం పొద్దున దేవమ్మ గేటు తీసేసరికే లోపల హడావిడి మొదలైంది. ఏడు నెలల ప్రసన్న రాత్రి నుంచి నాలుగుసార్లు దగ్గిందట.

పటేల్‌గూడలో ఆ ఇంట్లో పాపను చూసుకునే పనికి కుదిరి దేవమ్మకు అది పదో రోజు. ఆమెకు ముందు ఇద్దరు ఆయాలు వచ్చి పోయారు. ఒకామెను దగ్గినందుకు మాన్పించారు, ఇంకొకామెను పాప దగ్గినందుకు. మాన్పించింది మధుబాబు సారే. పెళ్ళైన తొమ్మిదేళ్ళకు పుట్టిన బిడ్డ మరి. జిన్నారం దగ్గర కంపెనీలో రసాయనాల డ్రమ్ములు కడిగే పని మానేసి దేవమ్మ ఇక్కడికి వచ్చింది. మళ్ళీ ఆ డ్రమ్ముల దగ్గరికి పోవడం ఆమెకు బొత్తిగా ఇష్టం లేదు.

సారు పాపను ఒళ్ళో వేసుకొని, ఛాతీకి చెవి ఆనించి వింటున్నాడు. పాప ఆయన జుట్టు పీకి ఆడుకుంటోంది. ఆయన మొహంలో మాత్రం నెత్తురు చుక్క లేదు.

“గురగురమంటోంది. తేజూ, బ్యాగు సర్దు. హైదరాబాద్ తీసుకెళ్ళి అడ్మిట్ చేసేద్దాం.”

“ముక్కు పట్టేసిందండీ, అంతే,” అంది తేజస్విని మేడమ్.

“అంతేనని నీకెలా తెలుసు? న్యుమోనియా కూడా మొదట్లో ఇలాగే ఉంటుంది.”

అంటూనే లేచి అలమర తెరిచాడు. అందులో మందుల షాపులో సగం సరుకుంది. దగ్గు మందు ఒకటి, యాంటీబయాటిక్ ఒకటి తీసి, మొదటి సీసా మూత తిప్పబోయాడు.

“జెర ఆగున్రి సారు.”

దేవమ్మ చెయ్యి వెళ్ళి సీసా మూత మీద పడింది. పడ్డాక గానీ తనేం చేసిందో ఆమెకు తెలియలేదు.

“ఏంటిది దేవమ్మా?”

“జలుబుకు గా మందు వద్దట సారు. ఇంత చిన్న పిల్లలకైతే అసలే వద్దట. గా రెండో సీస కూడ ఉత్త జలుబుకు పన్జెయ్యదట.”

“అట ఏంటి అట? ఎవరు చెప్పారు?”

“నా మనుమరాలు రుచితను సూపెట్టినమే, ఆ డాక్టరు.”

“ఓహో. మీ డాక్టరు ఇంకేం చెప్పాడట?”

అది వెటకారమని దేవమ్మకు తెలుసు. తెలియనట్టే పాపను అందుకొని మంచం మీద పడుకోబెట్టి, గౌను పైకి లేపింది.

“గిట్ల బట్ట లేపి సూడాలట. ఊపిరి తీస్తుంటే డొక్కలు లోపటికి గుంజుకపోతున్నయా అని. పోతలేవు, సూడున్రి. ఇగ పిల్ల ఏడుస్తలేనప్పుడు నిండ ఒక నిమిషం ఊపిరి లెక్కవెట్టాలట.”

సారు కూడా వంగి లెక్కపెట్టాడు. గోడ గడియారంలో ముల్లు ఒక చుట్టు తిరిగింది.

“అరవై రెండు,” అన్నాడు సారు.

“ముప్పై ఎనిమిది,” అంది దేవమ్మ.

“నాకు లెక్కలు రావంటావా?”

“అట్లనలే సారు. మీరు పాప ఊపిరి లెక్కవెడుతలేరు, మీ గుండెకాయను లెక్కవెడుతున్నరు.”

మళ్ళీ లెక్కపెట్టారు. దేవమ్మకు ముప్పై ఎనిమిది, మేడమ్‌కు ముప్పై తొమ్మిది. సారుకు ఇరవై దగ్గరే లెక్క తప్పింది.

“ఈ వయసు పిల్లకు యాభై లోపుంటే ఫికర్ లేదట,” అంది దేవమ్మ. “యాభై అయినా, డొక్కలు గుంజుకపోయినా, పాలు ముట్టకపోయినా, మత్తుగ పడున్నా ఇగ ఆగొద్దట, దవాఖానకు ఉరకాలెనట. గవేం లేకుంటె ముక్కుల ఉప్పునీళ్ళ చుక్కలేసి, మాటిమాటికి తల్లిపాలు తాపుకుంట కనిపెట్టుకోని ఉండాలె. గంతే.”

“బిడ్డ దగ్గుతుంటే చుక్కలేసి ఊరుకోవాలా? కన్నవాళ్ళకు ఎలా ఉంటుందో ఆయనకేం తెలుసు?”

“నేనూ గదే అన్న సారు. సూది ఎయ్యమని కాళ్ళ మీద పడ్డంత పనిజేసిన. మస్తు తిట్టిండు.” దేవమ్మ గొంతు మార్చింది. “‘అందరికీ సూదే కావాలి. లెక్కపెట్టండంటే రాదు, భయపడటం మాత్రం వచ్చు’ అన్నడు.”

“అంత మాటన్నాడా?” సారుకు నిజంగానే కోపం వచ్చింది. “భయపడి వచ్చిన వాళ్ళతో మాట్లాడే పద్ధతి అదేనా? ఇలాంటి వాళ్ళకు డిగ్రీలు ఎవరిస్తారో.”

మేడమ్ చున్నీ నోటికి అడ్డం పెట్టుకొని గబుక్కున కిటికీ వైపు తిరిగింది. భుజాలు ఊగుతున్నాయి.

“నీకూ అంటుకుందా?” అన్నాడు సారు కంగారుగా.

ఆమె కాదన్నట్టు చెయ్యి ఊపింది.

సారు సీసాలు బల్ల మీద పెట్టి దేవమ్మకు ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

“ఆ డాక్టరెవరో చెప్పు. వెళ్ళి కడిగేసి వస్తాను. చెప్పలేకపోయావో, ఇదంతా నువ్వు కల్పించిందే అనుకుంటాను. రేపట్నించి రానక్కర్లేదు.”

చెప్పకపోతే పని పోతుంది. చెప్తే ఉంటుందన్న నమ్మకమూ లేదు. దేవమ్మ మేడమ్ వైపు చూసింది. కళ్ళు తుడుచుకుంటూ మేడమ్, చెప్పేయమన్నట్టు తల ఊపింది.

“గప్పుడు పేరు అడగలే సారు. మొహానికి మాస్కుండె. బయట ఎనభై మంది లైన్ల ఉండిరి, నా మొహం ఆయనకు యాదుండదు. గొంతైతే నాకు యాదుంది.”

“గొంతు సంగతి సరే. మనిషి ఎక్కడ కూర్చుంటాడు?”

“పటాన్‌చెరుల, పిల్లల దవాఖానల,” అంది దేవమ్మ నేల చూపులు చూస్తూ, “రోజూ పొద్దుగాల తెల్లకోటు తొడుక్కోని మీరు కూసునే కుర్సీలనే సారు.”