జేబులో పట్టేంత చాకు

“ఇది జర లావున్నట్టుంది,” అన్నాడు ప్రహ్లాద్, నాలుగు రోజుల్లో తొమ్మిదో చాకును మడిచి కౌంటర్ మీద పెడుతూ.

“చాకు లావున్నదా, మీ జేబు సన్నగున్నదా?” అంది శ్రీదివ్య తలెత్తకుండానే.

ఆ మాటకే ప్రహ్లాద్ మనసు ఎగిరి గంతేసింది. మొన్న ఆమె మాట్లాడింది రెండే ముక్కలు. నిన్న అయిదారు, అదీ ఒక చురక. ఇవాళ ఏకంగా వేళాకోళం. ఇదే ఊపు మీద అడిగేద్దామా అనుకున్నాడు గానీ, మూలన కుర్చీలో ఉమాకాంత్ గారు పేపరు తిప్పిన చప్పుడుకు ఆ ఊపు కాస్తా చల్లారిపోయింది.

నారాయణగూడ మార్కెట్ వెనక సందులోని ఆ ఇనుప సామాను షాపు శ్రీదివ్య తండ్రి ఉమాకాంత్ గారిది. తాళాలు, కత్తెరలు, మేకులు, కత్తులు అమ్ముతారు. పదిహేను రోజులుగా కౌంటర్లో శ్రీదివ్య కూర్చుంటోంది. అదే పదిహేను రోజులుగా ప్రహ్లాద్‌కు అన్నం సయించడం లేదు. అశోక్‌నగర్‌లో పోటీ పరీక్షల పుస్తకాల షాపులో పార్శిళ్ళు కట్టించడం అతని పని. గ్రూప్ వన్ గైడు అడిగినవాళ్ళకు గ్రూప్ ఫోర్ గైడు పంపుతున్నాడు. పక్కన పనిచేసే వినయ్ కొన్నాళ్ళు చూసి, ఇక ఓపిక లేక తేల్చి చెప్పాడు.

“అన్నా, పోయి అడుగు. వస్తె వస్తది, లేకుంటె లేదు. మమ్మల్నయితె పరేషాన్ చెయ్యకు.”

అడుగుదామనే మొదటి రోజు వచ్చాడు. రెండో హెల్మెట్ కూడా స్కూటర్‌కు తగిలించుకుని మరీ వచ్చాడు. మెట్టెక్కాడో లేదో ఉమాకాంత్ గారు కళ్ళజోడు ముక్కు మీదికి జార్చి, “ఏం గావాలె సార్?” అన్నారు. ఆ ‘సార్’ దెబ్బకు అసలు మాట గొంతులోనే ఉండిపోయింది. కళ్ళ ముందు కనబడింది చాకు కాబట్టి చాకు కావాలన్నాడు. అప్పటినుంచీ రోజూ చాకే.

అవసరం లేదనీ కాదు. ప్రెస్సు నుంచి వచ్చే పుస్తకాల కట్టలకు బిగించిన ప్లాస్టిక్ పట్టీలు రోజుకు నలభై కొయ్యాలి. చాకు జేబులో ఉన్నట్టు తెలియకూడదు, ఏడాది వాడినా వదులవకూడదు. మొదటి రోజు చూసిన చెక్కపిడి చాకుకు చొక్కా జేబు పొట్ట దాకా వేలాడింది. రెండో రోజుది సన్నగానే ఉంది గానీ తెరవగానే చలిజ్వరం వచ్చినట్టు వణికింది. మూడో రోజు కత్తెర, స్క్రూడ్రైవరు, సీసా మూత తీసేది, పళ్ళు కుట్టుకునేది అన్నీ ఉన్నది చూపించి, “మీరు కట్టలు కోస్తరా, దీంతోటి కాపురం పెడ్తరా?” అంది శ్రీదివ్య. ‘కాపురం’ అన్న మాట ఆమె నోట విన్నాక ప్రహ్లాద్ నేల మీద లేడు. చిక్కడపల్లి సిగ్నల్ దగ్గర పచ్చలైటు పడ్డా కదలక వెనక బస్సు డ్రైవరు చేత తిట్లు తిన్నాడు. నవ్వుకుంటూ తిన్నాడు.

ఆ షాపులో ఒక పద్ధతి ఉంది. కత్తిని చేతికి చేతికి ఇస్తే గొడవలొస్తాయని ఉమాకాంత్ గారి నమ్మకం. ఆమె కౌంటర్ మీద పెడితే అతను తీసుకోవాలి, అతను పెడితే ఆమె తీసుకోవాలి. నాలుగు రోజులుగా ఇద్దరి వేళ్ళూ జానెడు దూరంలో ఆగిపోతున్నాయి.

శ్రీదివ్య చూపు అతని జేబు మీద పడింది. తెల్ల చొక్కాకు నీలం దారంతో వంకరటింకర కుట్టు.

“ఈ కుట్టెవరు వేసిన్రు?”

“నేనే.”

ఆమె కింది పెదవి కొరుక్కుంది. నవ్వాపుకుంటోంది. ప్రహ్లాద్‌కు ప్రాణం లేచొచ్చింది. కానీ మరుక్షణమే ఆమె ముఖం బిగుసుకుంది.

“ఇన్నాళ్ళు కట్టలు దేంతోటి కోసిన్రు?”

“ఇంట్ల కూరగాయల కత్తి తీస్కపోయి కోసిన.”

“ఇంట్లోళ్ళు ఊకున్నరా?”

“ఊకోలే.”

ఉమాకాంత్ గారు దగ్గారు. ప్రహ్లాద్ తల దించుకుని, కౌంటర్‌తో చెబుతున్నట్టు, ఇక ఆ కూరగాయల కత్తి జోలికి పోనని ఒట్టేశాడు.

శ్రీదివ్య వంగి, అన్నిటికన్నా కింది సొరుగు లాగి ఒక చాకు తీసి పెట్టింది. పెన్నంత సన్నం. మొత్తం తుప్పుపట్టని స్టీలు, జేబుకు పట్టుకునే క్లిప్పు. తెరిస్తే టక్కుమని నిలబడింది, ఊపినా ఊగలేదు. మేకుల డబ్బాకున్న పట్టీ మీద పెడితే ఒక్క లాగుకు తెగింది. జేబులో వేసుకుంటే జేబుకే తెలియలేదు.

“ఇది మొదటి రోజే ఎందుకు చూపియ్యలే?”

“చూపిస్తె మొదటి రోజే కొనుక్కపోతుండె.”

ప్రహ్లాద్‌కు చెవుల దాకా వేడెక్కింది. ఇక ఆగితే మనిషే కాదనిపించింది.

“నాతోటి వస్తవా?” అన్నాడు.

ఉమాకాంత్ గారు పేపరు పక్కన పెట్టి, బిల్లు పుస్తకం ముందుకు లాక్కుని, పెన్ను మూత తీశారు. శ్రీదివ్య అతని ముందుకు చెయ్యి చాపింది. అతను చాకు జేబులోంచి తీసి ఎప్పటిలాగే కౌంటర్ మీద పెట్టాడు. ఆమె దాన్ని తీసుకుని, చుట్టూ తిరిగి కౌంటర్ బయటికొచ్చి, తిన్నగా అతని అరచేతిలో పెట్టింది.

“చేతికిస్తున్నవ్. గొడవైతది,” అన్నాడు భయంగా.

“కానీ. నేనొస్తున్న గద, పడుదాం.”

మెట్లు దిగి, స్కూటర్‌కు వేలాడుతున్న రెండో హెల్మెట్ తీసి పెట్టుకుంది. పట్టీ సరిచేసుకునే పని కూడా పడలేదు.

ప్రహ్లాద్ వెనక్కి తిరిగి బెరుకుగా ఉమాకాంత్ గారి వైపు చూశాడు. ఆయన పెన్నుకు మూత పెట్టేశారు.

కూతురు అలిగి పుట్టింట్లో కూర్చున్న ఈ పదిహేను రోజుల్లోనే కాదు, పెళ్ళయిన ఈ ఆరేళ్ళలో అల్లుడికి ఆయన ఎన్నడూ బిల్లు రాయలేదు.