సపన తోలిన బండి

"ఆ బండి తోలేది మా సపననే!" ముంబై గ్రాంట్ రోడ్ థియేటర్లో కామాటిపుర ఆడవాళ్ళంతా ఈలలు వేశారు.

పోలీసుల కళ్ళుగప్పి దేశం ఈ కొస నుంచి ఆ కొసకు సాగే కార్ల పందెం సినిమా అది. అందులో హీరోయిన్‌కు బదులు కారు నడిపింది సపన. ఆమెకు స్టీరింగు పట్టడం నేర్పిన దర్శన ఇప్పుడు థియేటర్లో ఆమె పక్క సీట్లోనే పళ్ళు బిగించి కూర్చుంది. సినిమావాళ్ళు పెట్టిన డ్రైవింగు పరీక్షకు ఇద్దరూ కలిసే వెళ్ళారు. ఎంపికైంది మాత్రం సపన.

"ఇదేం తోలుడు? నేనైతే ఇంకా మంచిగ తోలుతుంటి," అని గొణిగింది దర్శన.

తెర మీద కారు కూలిన వంతెన అంచు నుంచి గాల్లోకి లేచింది. సపన చప్పున దర్శన చెయ్యి పట్టుకుంది. సపన అరచెయ్యి చెమటతో తడిసిపోయింది.

"అక్కా, బండి దిగిందా?"

"నువ్వు చూస్తలేవా?"

"కండ్లు మూస్కున్న. షూటింగు దినం గూడ గాల్ల ఉన్నంతసేపు మూస్కున్న."

దర్శన తెర మీంచి చూపు తిప్పి ఆమె వైపు చూసింది.

"నిజమే అక్కా, నువ్వే మంచిగ తోలుతవ్. పిల్లలున్నరని నిన్ను వద్దన్నరు. సస్తె ఎన్క ఏడ్చేటోళ్ళు లేరని నన్ను తీస్కున్నరు."

హాలంతా చప్పట్లు మోగాయి. దర్శన ఆ తడి చేతిని రెండు చేతుల్లోకి తీసుకుంది.

"దిగింది. కండ్లు తెరువు. ఏడ్చేటోళ్ళు లేరని వాళ్ళకెవరు చెప్పిన్రే?"