మంత్రి కొడుకు టీకా

సుందరక్కకు,

మూడో తరగతితోనే బడి మాన్పించారు కాబట్టి నా రాత వంకరగా ఉంటుంది, తప్పులూ ఉంటాయి. ఏమీ అనుకోకు.

ఆరోగ్య మంత్రి కొడుకే టీకా వేయించుకొని కూడా మశూచితో పోయాడని కర్ఖేలిలో అందరూ మా బాబు గురించి అంటున్నారని, అందుకే మీ అత్త నీ కొడుకుని టీకాల వాళ్లకు కనపడకుండా దాచిందని రాశావు.

మంత్రి కొడుక్కే మొదటి టీకా అని చాటిన ఆ రోజు నాందేడ్‌లో మా ఇంటి ముందు జనం కిక్కిరిసి ఉన్నారు. ఫోటో తీసేవాడూ వచ్చాడు. బాబును తీసుకుపోవడానికి ఆయన లోపలికి వచ్చారు.

"మాహూర్ తల్లికి పుట్టెంట్రుకలు ఇయ్యకముందే పోరని ఒంటికి ఇనుము తాకొద్దు," అన్నది మా అత్త.

"బయట జనం చూస్తున్నరమ్మా."

"జనానికి నీ కొడుకు మొఖం ఎర్కనా? ముత్తవ్వ పోరన్ని తీస్కపో."

ముత్తవ్వ మా పొలంలో కూలి. ఆమె కొడుక్కి నా బాబు జరీ టోపీ నేనే పెట్టి ఇచ్చాను. వాడికి టీకా పడగానే జనం చప్పట్లు కొట్టి, తమ పిల్లల్ని ముందుకు తోశారు.

టీకా పడని నా బాబు పోయాడు. ముత్తవ్వ కొడుకు ఇప్పుడు మా వాకిట్లోనే ఆడుతున్నాడు. ఒంటి మీద ఒక్క పొక్కు లేదు.

నిజం చెప్పమని మొన్న ఆయన కాళ్లు పట్టుకున్నాను. "చెప్తే నా కుర్సీ ఉంటదా?" అన్నారు.

అక్కా, ఎవరికీ చెప్పకుండా నీ కొడుక్కి టీకా వేయించు. మీ ఊళ్లో ఇంకా ఎందరో పిల్లలున్నారని నాకు తెలుసు. అయినా ఆయన పదవి పోతే నేనెక్కడికి పోను? చదవగానే ఈ ఉత్తరం పొయ్యిలో వెయ్యి.