కుళాయి చెప్పిన లెక్క

కుక్కర్ రెండోసారి పెట్టినా కందిపప్పు ఉడకలేదు. హైమావతికి నీళ్ల మీద అనుమానం వచ్చింది. ఊళ్లో అన్ని కుళాయిల్లాగే ఆమె వంటింటి కుళాయి కూడా అడక్కుండానే మాట్లాడుతుంది.

"ఈ నీళ్లు తాగినవాళ్లలో నూటికి తొంభై తొమ్మిది మంది బాగున్నామన్నారమ్మా!"

"విన్నావుగా? ఇక ఆ పప్పునే తిట్టుకో" అని నవ్వుతూ భర్త శేషు గ్లాసు ఎత్తాడు.

"ఆగండి!" అని హైమావతి కుళాయి వైపు తిరిగింది. "ఎవర్ని అడిగావే?"

"ఇళ్లలో ఉన్నవాళ్లనమ్మా."

"మరి కింది వాటా పిన్నిగారు?"

"పొద్దున వాంతులతో ఆసుపత్రిలో చేరారు. ఇంట్లో లేనివాళ్లు లెక్కలోకి రారమ్మా."

హైమావతి గ్లాసు లాక్కుని నీళ్లన్నీ సింకులో పారబోసింది.

కుళాయి మరింత హుషారుగా పలికింది.

"తాగకుండా పారబోసిన మిమ్మల్నీ లెక్కలోంచి తీసేశానమ్మా. ఇప్పుడు నూటికి నూరు మందీ బాగున్నారు!"