ఉప్పు కొలత

ముసునూరు తోట మామిడికాయలు ముక్కలై బేసిన్లో సిద్ధంగా ఉన్నాయి. ఏటా ఆవకాయలో ఉప్పు కలిపే వేళకు మంగతాయారు ఏదో వంకతో కోడల్ని గడప దాటిస్తుంది.

“కల్యాణీ, పోస్టుమేన్ వచ్చాడేమో చూసిరా.”

“ఇవాళ ఆదివారం అత్తయ్యగారూ. ఆ ఉప్పు కొలతేదో నాకూ చెప్పకూడదా అండీ?”

“చెబితే, పోయాక నన్నెవరు తలుచుకుంటారే? నా చేతి రుచి రావట్లేదని మీరంతా ఏడవాలి!”

“మరి మీ అత్తగారు మీకు చెప్పారా?”

“ఆ మహాతల్లా! చచ్చేదాకా చెప్పలేదు. మూడేళ్ళు జాడీలు పారబోసి నేర్చుకున్నాను.”

“ఆవిడ ఆవకాయ రుచి గుర్తుందా?”

“రుచి ఎవడికి గుర్తుంది? ఆవిడ పిసినారి బుద్ధే...”

మంగతాయారు చేతిలోని ఉప్పుకేసి కాసేపు చూసింది.

“కాగితం తే. సోలెడు కారానికి ఉప్పు గిద్దెడు తక్కువ. పైన నా పేరు పెద్దక్షరాలతో రాయి.”