గండ్రాయి కొత్త ఆల్బమ్

"నువ్వు మనిషివేనా అన్నా?"

ఫోన్లో హర్ష నిలదీశాడు. నంద్యాలలో తన బండల షాపు ముందు గిరాకీతో మాట్లాడుతున్న అజయ్ కుమార్, ఫోన్ చెవికి నొక్కుకుని పక్కకు జరిగాడు.

"ఏందీ మళ్లా? ఆ ఆల్బమ్ గురించేనా? నీకు నచ్చింది, నాకు నచ్చలే. అయిపాయ గదా."

"నచ్చకపోతే నచ్చలేదను. ఇమ్మానుయేలన్న చేతులు పడిపోయినట్టుండాయని ఎందుకన్నావు?"

"ఆ డ్రమ్స్ విన్నావా నువ్వు? అట్లుంటే అనకుండా ఏం జేస్తారు?"

"నిజంగానే పడిపోయిందన్నా. పోయినేడు పక్షవాతమొచ్చి కుడిచెయ్యి లేవడం లేదంట. బెంగళూరు వదిలిపెట్టి మా ఆళ్లగడ్డకే వచ్చేసినాడు. ఈ పొద్దు చర్చిలో ఆయన కోసం ప్రార్థన చేస్తే తెలిసింది. ఆ చేత్తోనే ఎట్ల వాయించినాడో ఏమో!"

అజయ్ గిరాకీని తర్వాత రమ్మని పంపేశాడు.

గండ్రాయి అంటే ముప్పయ్యేళ్ల కిందట నలుగురు సీమ కుర్రాళ్లు బెంగళూరులో మొదలుపెట్టిన త్రాష్ మెటల్ బ్యాండు. గిటార్లు రంపంలా కోసేవి, ఇమ్మానుయేలు డ్రమ్స్ పిడుగుల్లా పడేవి. చాలా ఏళ్లు ఉలుకూ పలుకూ లేకుండా ఉండి, ఈ మధ్యే కొత్త ఆల్బమ్ తెచ్చారు. దాంతో అభిమానులు రెండుగా చీలిపోయారు. వయసైన మనుషులు వయసుకు తగ్గట్టు నెమ్మదిగా వాయించారు, ఇందులో లోతుంది అని హర్షలాంటివాళ్లు. గండ్రాయి కాస్తా గులకరాయి అయిపోయిందని అజయ్ లాంటివాళ్లు.

అజయ్ అక్కడితో ఆగలేదు. వీడియో చేసి పెట్టాడు. "ఈ డ్రమ్స్‌లో ప్రాణమే లేదు. ఇమ్మానుయేలు చేతులు పడిపోయినట్టుండాయి. ఇంగ ఇంట్లో కూచోవయ్యా సామీ" అని పగలబడి నవ్వాడు. జనం ఎగబడి చూశారు.

ఇప్పుడు షాపులోకెళ్లి ఆ వీడియో మళ్లీ పెట్టుకున్నాడు. తన నవ్వు తనకే వెగటు పుట్టించింది. చివరిదాకా చూడలేక తీసేశాడు. కానీ తీస్తే ఏం లాభం? అప్పటికే అది ఊళ్లు తిరిగింది. చెయ్యి పడిపోయిన మనిషి పడుతూ లేస్తూ వాయిస్తే, ఆ మనిషిని పట్టుకుని నవ్వాడు తను. అదీ ఇమ్మానుయేలును! ఇంటరు తప్పి, ఎవరికీ మొహం చూపలేక గదిలో పడున్న రోజుల్లో తనను మంచం మీంచి లేపింది ఆ డ్రమ్సే.

మర్నాడు షాపు తెరవలేదు. ఆళ్లగడ్డ బస్సెక్కాడు. అలవాటుగా ఇయర్‌ఫోన్లు చేతిలోకి తీసుకున్నాడు గానీ చెవిలో పెట్టుకోవడానికి మనసొప్పలేదు. శిరివెళ్ల దాటాక, ఏమని మొదలుపెట్టాలో మనసులో కూర్చుకోబోయాడు. ఒక్క మాటా కుదరలేదు.

బస్టాండులో హర్ష ఎదురుచూస్తున్నాడు. మామూలుగా కనపడితే చాలు కలబడేవాడు, ఇవాళ భుజం మీద చెయ్యి వేశాడు. ఇద్దరూ నడిచి ఇమ్మానుయేలు ఇంటికి వెళ్లారు.

ఇమ్మానుయేలు వరండాలో కూర్చుని ఉన్నాడు. కుడిచెయ్యి ఒళ్లో వాలిపోయి ఉంది. ఆయన కూతురు దీవెన రెండు కుర్చీలు తెచ్చి వేసి, టీ పెట్టడానికి లోపలికెళ్లింది.

అజయ్ కూర్చోలేదు. "అన్నా, ఆ వీడియో చేసింది నేనే. నీ చెయ్యి సంగతి తెలీక నోటికొచ్చినట్టు కూసినా. నన్ను క్షమించన్నా" అన్నాడు.

"చూసినాలే. కూచో అప్పా ముందు."

"ఎట్ల కూచోవాలన్నా? ఒంటి చేత్తో నువ్వు అంత కష్టపడి వాయిస్తే..."

"ఆ ఆల్బమ్‌లో నేను వాయించలేదప్పా."

అజయ్, హర్ష మొహమొహాలు చూసుకున్నారు.

"నా పేరు లేకుంటే బ్యాండే లేదని మిగతావాళ్లు పట్టుబట్టి పేరుంచినారు. అంతే. నువ్వు నన్నేం అనలేదు. మనసులో పెట్టుకోవాకు."

రాత్రంతా ఎదమీద మోసిన బరువు ఒక్కసారిగా దిగిపోయింది అజయ్‌కి. కుర్చీలో కూలబడ్డాడు. దీవెన వచ్చి టీ గ్లాసు చేతికిస్తే ఆ పిల్ల మొహమైనా చూడకుండా అందుకుని, గటగటా తాగేశాడు. ప్రాణం లేచొచ్చింది.

"అదన్నా సంగతి! నేనప్పుడే అనుకున్నా. నీ దెబ్బ నాకు తెలీదా? మావోడికి చెప్తే వినడే!"

"సరేలే అప్పా. దారిలో ఎండగా ఉండిందా?"

"ఎండ సంగతి ఉండనీన్నా. ఎవుడన్నా ఆ మొద్దు? రోకలి పట్టుకుని మిరపకాయలు దంచినట్టు దంచినాడు. మనిషన్నోడు వాయించేదేనా అది?"

ఇమ్మానుయేలు మొహం మారడం చూసి, హర్ష తన కాలితో అజయ్ కాలు తొక్కాడు. అజయ్‌కి అర్థం కాలేదు. ఇమ్మానుయేలు ఎడమచెయ్యి ఎత్తి ఏదో చెప్పబోయాడు. అజయ్ గ్లాసు కింద పెట్టి, ఆ చేతిని రెండు చేతులతో పట్టుకున్నాడు.

"నీ పేరు గంగలో కలిపినాడు గదన్నా వాడు! అట్లాటోన్ని ఎట్ల రానిచ్చినావు?"

ఇమ్మానుయేలు తల దించుకున్నాడు.

దీవెన ముందుకొచ్చి, ఖాళీ గ్లాసు తీసుకుంది. ఆ పిల్ల గొంతులో కోపం లేదు.

"వచ్చే ఆల్బమ్‌కు ఇంకా బాగా వాయిస్తాలేన్నా."